అద్దం బాబాయ్ చేతి ఉప్పు

అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఆ ల్యాబులో ఇంకెవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన అద్దం బాబాయ్. ఆయన చేతి మీదుగా వచ్చిన ప్రోటీన్ ద్రావణం అద్దంలా తేటగా ఉంటుందని ఎప్పుడో ఒక కుర్రాడు సరదాకి అన్నాడు. అన్నవాడు చదువు ముగించుకుని వెళ్ళిపోయాడు, మాట మాత్రం ఇక్కడే ఉండిపోయింది. బాబాయ్ మొదట్లో సిగ్గుపడ్డాడు, తర్వాత అలవాటుపడ్డాడు, ఆ తర్వాత ఎవరైనా ఉత్త బాబాయ్ అని పిలిస్తే జీతంలో కోత పడ్డట్టు చూడడం మొదలుపెట్టాడు.

ఆయన పని మాటల్లో చెబితే చిన్నదే. పరిశోధన చేసే పిల్లలకు కావలసిన ప్రోటీన్‌ని బాక్టీరియా చేత తయారు చేయించాలి. ఆ బాక్టీరియాని పగలగొట్టి, లోపలి సవాలక్ష సరుకుల్లోంచి ఆ ఒక్కదాన్నీ ఏరి, వేలెడంత ట్యూబుల్లో పోసి ఇవ్వాలి. చేస్తే తెలుస్తుంది అందులో కష్టం. ఎక్కడో కాస్త తేడా వచ్చిందంటే చాలు, తేటగా ఉన్న ద్రావణం పాలు కలిపినట్టు తెల్లబడిపోతుంది. అలా మబ్బు పట్టిందంటే ప్రోటీన్ ముద్దకట్టి చెడిపోయినట్టే లెక్క. ల్యాబు పెట్టిన పెద్ద సారు కాలం నుంచీ అక్కడ అదే తీర్పు, దాని మీద అప్పీలు లేదు.

పెద్ద సారు రిటైరవుతూ బాబాయ్‌కి ఒక అధికారం కూడా ఇచ్చి వెళ్ళారు. పొద్దున్నే, పిల్లలింకా రాకముందే, కోల్డ్ రూములో ఒక చుట్టు చుట్టి రావాలి. ఎవరి ట్యూబైనా మబ్బు పట్టి కనిపిస్తే, అది నలుగురి కంటా పడకముందే పారబోసెయ్యాలి. చెడిపోయిన సరుకు పక్కన కూర్చుని ఏడవడం కన్నా మళ్ళీ మొదలుపెట్టుకోవడం మేలని పెద్ద సారు ఉద్దేశం. పిల్లల పరువు దక్కుతుందని బాబాయ్ ఉద్దేశం. ఖాళీ ర్యాకు చూసిన పిల్లలు విషయం అర్థం చేసుకుని, నోరు మెదపకుండా కొత్తగా పని మొదలుపెట్టేవారు. ఎవరూ అడిగేవారు కాదు, ఆయనా చెప్పేవాడు కాదు. అది అక్కడి మర్యాద.

ఆ ల్యాబులోనే ఆయన కోడలు కూడా పరిశోధన చేస్తోంది. అయితే కోడలయ్యాక ల్యాబుకి రాలేదు, ల్యాబుకి వచ్చాకే కోడలయింది. బాబాయ్ కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఒకసారి ఆ భవనం లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోతే, వచ్చి తలుపు కాస్త సందు చేశాడు. లోపలున్న అమ్మాయి "ముందు నన్ను కాదండీ, వీటిని పట్టుకోండి, చల్లబడితే చచ్చిపోతాయి" అంటూ కణాలు పెంచే పళ్ళేన్ని అతని చేతిలో పెట్టింది. ఆ పళ్ళెం పట్టుకుని బిక్కమొహం వేసుకుని నిలబడ్డవాడు, ఆ తర్వాత ఆ భవనం లిఫ్టు ఆరోగ్యం గురించి కనుక్కున్నంతగా సొంత ఆరోగ్యం గురించి కూడా కనుక్కోలేదు. మొత్తానికి పెళ్ళయింది. ఇంట్లోనైనా ల్యాబులోనైనా ఆ పిల్ల ఆయన్ని నోరారా మావయ్యా అని పిలిచేది. బాబాయ్‌కి లోపల ఎంత గర్వమో చెప్పలేం. పైకి మాత్రం ఈ అమ్మాయి కూడా అందరిలాంటిదే అన్నట్టు గంభీరంగా ఉండేవాడు.

ఆ రోజు పొద్దున కోల్డ్ రూములో తిరుగుతుంటే, ర్యాకు చివర కోడలి ట్యూబు కనిపించింది. ఆకుపచ్చ మూతలు ఆ ల్యాబులో ఆమె ఒక్కతే వాడుతుంది. లోపల తెల్లటి మబ్బు.  అయ్యో, ఎన్నాళ్ళ కష్టమో కదా అనుకున్నాడు బాబాయ్. అటూ ఇటూ చూశాడు. పరాయి పిల్లల విషయంలోనే అంత జాగ్రత్తపడే మనిషి, సొంత కోడలి పరువు దగ్గర ఊరుకుంటాడా? గబగబా సింకులో పోసేసి, ట్యూబు కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుని, ఒక మంచి పని చేసిన తృప్తితో టీ తాగడానికి వెళ్ళాడు.

టీ సగంలో ఉండగానే కోడలు వచ్చింది.

"మావయ్యా, కోల్డ్ రూములో నా ట్యూబు చూశారా? ఆకుపచ్చ మూతది."

ఆ ల్యాబులో ఎవరూ అడగని ప్రశ్న అది. బాబాయ్ గొంతు తగ్గించాడు. "పోనీలే తల్లీ. ఎవరూ చూళ్ళేదు. నేనే తీసేశా."

"తీసేశారా? ఎక్కడ పెట్టారు?"

"పెట్టడమేంటి? మబ్బు పట్టేసింది. పారబోశా."

ఆమె మొహం పాలిపోయింది. ఎదురుగా ఉన్న స్టూలు మీద కూలబడింది. "అది చెడిపోలేదు మావయ్యా," అంది. "ఆ మబ్బు కోసమే నేను ఇన్నాళ్ళూ తిప్పలు పడి, నా చేత్తో నేనే చేసుకున్నది."

అప్పుడు తెలిసింది ఆయనకి, తాను పారబోసింది ఏమిటో.

మన పేగుల లోపలి పొర లాంటి చోట్ల కణాలు ఒకదాని పక్కన ఒకటి గట్టిగా అతుక్కుని ఉంటాయి. మధ్య సందుల్లోంచి ఏదీ ఇష్టమొచ్చినట్టు కారిపోవడానికి వీల్లేదు. ఆ అతుకు ఎలా పడుతుందన్నది కోడలి ప్రశ్న. అతుకు దగ్గర చేరే ఒక ప్రోటీన్‌కి మెరిసే రంగు తగిలించి, బతికున్న కణాల్లో దాన్ని చూసింది. రెండు కణాలు తగులుకున్న చోట ఆ ప్రోటీన్ మొదట చిన్న చిన్న చుక్కలుగా చేరుతుంది. తర్వాత ఆ చుక్కలు కలిసిపోయి అంచు పొడుగునా పట్టీలా సాగుతాయి. కళ్ళారా చూసింది, వీడియో తీసింది. కానీ చూపించిన ప్రతిచోటా పెదవి విరిచారు. అది చుక్క కాదు, ముద్ద అన్నారు. రంగు తగిలించడం వల్ల వచ్చిన చెత్త అన్నారు. వాళ్ళని ఒప్పించాలంటే దారి ఒక్కటే ఉంది. కణం సాయం లేకుండా, శుద్ధమైన ప్రోటీన్ తనంతట తానే నీళ్ళలో చుక్కలుగా విడిపోతుందనీ, ఆ చుక్క కణపు పొర లాంటి పొర తగలగానే దాని మీద పరుచుకుంటుందనీ చూపించాలి.

అంత సన్నటి సంగతి చూడగల మైక్రోస్కోపు పక్క భవనంలో ఒకటే ఉంది. దానికి క్యూ చాంతాడంత. దొరక్క దొరక్క ఆమెకి ఆ నెలాఖరులో ఒక మధ్యాహ్నం దొరికింది. అది గనక తప్పిపోతే, మళ్ళీ వంతు వచ్చేసరికి ఆమె ఫెలోషిప్పు గడువు దాటిపోతుంది. అన్నేళ్ళ పని మీద ముద్ద అన్న ముద్రే మిగిలిపోతుంది.

"ఒక్క మాట ముందే చెప్పి ఉండాల్సింది కదమ్మా," అన్నాడు బాబాయ్, ఏం అనాలో తోచక.

"అందరివీ పారబోస్తారని తెలుసు మావయ్యా. నాది మాత్రం నన్నడక్కుండా పారబొయ్యరనుకున్నా."

 టీ చల్లారిపోయింది.

ఇంట్లో ముందుగది సగం బాబాయ్ భార్య కుట్టు మిషనుదే. చుట్టుపక్కల వాళ్ళ ప్యాంట్లకి జిప్పులు మార్చడం, పొట్టిబడ్డ పిల్లల బట్టలకి అంచులు వదలడం ఆవిడ పని. ఆ సాయంత్రం మామా కోడళ్ళు ఒకరి వెనక ఒకరు ఇంట్లోకి రావడం, ఒకరు బాల్కనీలోకి, ఒకరు వంటింట్లోకి చీలిపోవడం చూసి మిషను ఆపేసింది.

"ఏంటండీ, ఇద్దరూ మూతులు ముడుచుకున్నారు?"

"ఏం లేదు," అన్నాడు బాల్కనీలోంచి.

"మీరు ఏం లేదన్నారంటే కొంపలు మునిగే ఉంటాయి. నువ్వు చెప్పమ్మా."

"మావయ్య నా ప్రోటీన్‌ని సింకులో పోసేశారు అత్తయ్యా," అంది కోడలు, గిన్నెలు సర్దుతూ. 

ఆవిడ భర్త కేసి ఒక చూపు చూసింది. "ఈయన సంగతి నీకిప్పుడు తెలిసిందా? పెళ్ళైన కొత్తలో బట్టలకి పెడదామని గంజి కాచి పక్కన పెట్టుకున్నా. తెల్లగా ఉంది, ఏదో పాడైపోయిందని పారబోసి, గిన్నె తళతళా తోమి పెట్టారు. పైగా నేను మెచ్చుకుంటానని ఎదురుగా నించున్నారు."

 కోడలికి నవ్వు రాబోయి ఆగిపోయింది. అత్తగారి నోటికి ఉన్న గుణం అది, మాట విసిరిందంటే కోపం సగానికి సగం దిగిపోతుంది.

అన్నాల దగ్గర కొడుకు కూడా చేరాక, ఆవిడే అడిగింది, అసలా మబ్బులో ఏముందమ్మా అని. కోడలు ఒక పళ్ళెంలో నీళ్ళు పోసి, పైన రెండు నూనె చుక్కలు వేసింది. స్పూనుతో ఒకదాన్ని ఇంకోదాని దగ్గరికి నెట్టింది. రెండూ తగులుకుని ఒకటే చుక్కయ్యాయి.

"ఇది చూశారా? చెడిపోయిన ముద్దలైతే ఇలా కలవవు, పక్కపక్కన రాళ్ళలాగా ఉండిపోతాయి. ఈ ప్రోటీన్ అలా కాదు. ఒక మోతాదు దాటేసరికి నీళ్ళలోంచి తనవాళ్ళందర్నీ పోగేసుకుని ఇలా చుక్కవుతుంది. చుక్కయినా లోపల గట్టిపడదు, కదులుతూనే ఉంటుంది. అలాంటి చుక్కలు వేలకి వేలు చేరితే పైకి మబ్బులా కనిపిస్తుంది. కణంలో ఈ చుక్క పొర అంచుకి తగిలిందంటే, అక్కడే పరుచుకుని పక్క చుక్కతో కలిసి పట్టీ అవుతుంది. అతుకు వేసే మిగతా ప్రోటీన్లన్నీ వచ్చి ఆ పట్టీ మీదే చేరతాయి. పక్క కణంలోనూ అంతే. అప్పుడు రెండు కణాలూ కలిసి మూసుకుంటాయి."

"అంటే జిప్పన్నమాట," అంది అత్తగారు.

"జిప్పుకి పళ్ళు ముందే ఉంటాయి అత్తయ్యా. ఇక్కడ పళ్ళు కూడా అప్పటికప్పుడే తయారవ్వాలి."

"అలాంటి జిప్పు నాకు దొరికితే ఈ కళ్ళజోడు అవసరమే ఉండదు."

కొడుకు గట్టిగా నవ్వాడు. బాబాయ్ నవ్వలేదు. పళ్ళెంలోని నూనె చుక్క కేసే చూస్తూ కూర్చున్నాడు. జీవితమంతా ఆ మబ్బుని చూడగానే సింకు దగ్గరికి నడిచిన కాళ్ళు ఆయనవి. ఎన్ని ట్యూబులో! అందులో ఏది నిజంగా చెడిపోయిందో, ఏది ఇలాంటిదో ఇక తేలే దారి లేదు. తనొక్కడే కాదు, పెద్ద సారు కూడా అలాగే అనుకున్నారు, అందరూ అలాగే అనుకున్నారు. అయినా పోసిన చెయ్యి తనదే కదా అనిపించింది.

"అమ్మాయ్," అన్నాడు చివరికి. "మళ్ళీ నేను చేసిస్తాను. నెలాఖరుకి నీ చేతిలో పెడతాను. ఇంకో మనిషిని చెయ్యి వెయ్యనివ్వను."

ఆమె తలెత్తి చూసింది. కోపం ఉన్నా, ఆయన చేతిపనిలో ఆమెకి అనుమానం లేదు. ఆ ల్యాబులో ఎవరికీ లేదు. "సరే మావయ్యా," అంది.

బాబాయ్ మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాడు. ఫ్లాస్కుల్లో బాక్టీరియాని పెంచాడు. చెవులు చిల్లులు పడేలా కీచుమనే యంత్రంతో పగలగొట్టాడు. వచ్చిన రసాన్ని నిలువు గాజు గొట్టంలోంచి బొట్టు బొట్టుగా దించుతూ, కోల్డ్ రూములో స్వెట్టరు వేసుకుని కాపలా కూర్చున్నాడు. భోజనానికి రమ్మంటే "మీరు కానివ్వండి" అన్నాడు. చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకున్న మనిషిలా ఎవర్నీ గట్టిగా మాట్లాడనివ్వలేదు. చివరి బొట్టు దిగాక ఆకుపచ్చ మూత ట్యూబులోకి తీసి, వెలుతురుకి పట్టి చూశాడు. అవతలి గోడ మీది స్విచ్చులు స్పష్టంగా కనిపించాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. అది అప్పటిదాకా బాబాయ్‌కి తప్ప నరమానవుడికి తెలియదు, ఇంట్లో ఆవిడకి కూడా. ప్రోటీన్ ఉంచే నీళ్ళలో ఉప్పు ఎంత ఉండాలో ముందే లెక్క ఉంటుంది. బాబాయ్ ఆ లెక్క ప్రకారం వేసి, ఆ పైన తన తృప్తి కోసం ఇంకాస్త చిక్కటి ఉప్పునీళ్ళు కలిపేవాడు. ఉప్పు ఎక్కువుంటే ఇలాంటి ప్రోటీన్లు చాలావరకు ఒకదాన్నొకటి పట్టుకోకుండా బుద్ధిగా దూరంగా ఉంటాయి, ద్రావణం తేటగా ఉండిపోతుంది. పని నేర్చుకునే రోజుల్లో ఒకసారి చెయ్యి జారి ఉప్పు ఎక్కువైంది. ఆ ట్యూబు తళుక్కుమంది, పెద్ద సారు భుజం తట్టారు. ఆ తట్టిన చెయ్యి మళ్ళీ మళ్ళీ కావాలనిపించింది. పిల్లలు వాడేముందు ఎలాగూ పలచన చేసుకుంటారు కదా, నష్టమేముంది అని సర్దిచెప్పుకున్నాడు. ఎవరైనా మీ చేతి మహిమ ఏంటి అద్దం బాబాయ్ అని అడిగితే, ఓపిక అనేవాడు. ఓపిక ఉన్న మాట నిజమే, కానీ అందులో ఉప్పు పాలూ ఉంది.

కోడలి ట్యూబుకి ఆ పని చెయ్యకూడదనే అనుకున్నాడు. మూత పెట్టేశాడు కూడా. తర్వాత కూర్చుంటే మనసు నిలవలేదు. రేపు దీన్ని మండుటెండలో పక్క భవనానికి తీసుకెళ్ళాలి. దారిలోనే మబ్బు పట్టి, గట్టిపడి, నిజంగానే చెడిపోతే? ఒకసారి ఆ పిల్ల కష్టాన్ని కాలవలో కలిపాను, రెండోసారీ నా వల్లే పోతే ఏ మొహం పెట్టుకుని ఇంట్లో తిరగను? మబ్బు కావలసింది మైక్రోస్కోపు కింద గానీ దారిలో కాదు కదా అనుకున్నాడు. మూత తీశాడు. అయినవాళ్ళకి వడ్డించేటప్పుడు గరిటె ఆగనట్టు, ఆయన చెయ్యి ఆగలేదు. ఎవరికీ వెయ్యనంత వేశాడు.

మర్నాడు మధ్యాహ్నం ఐసు పెట్టె ఒళ్ళో పెట్టుకుని మైక్రోస్కోపు గదిలో ఒక మూల కూర్చున్నాడు. నల్ల తెరలు వేసిన చీకటి గది. యంత్రం సన్నగా మూలుగుతోంది. దాన్ని నడిపే ఆపరేటర్‌ని అందరూ గడియారం అంటారు, టైమెంతయిందో ఎవరూ అడక్కపోయినా చెబుతుంటాడు కాబట్టి.

కోడలు తన లెక్క ప్రకారం ప్రోటీన్‌ని పలచన చేసి, ఒక బొట్టు గాజు పలక మీద పెట్టింది. తెర మీద నలుపు. అటు జరిపింది, ఇటు జరిపింది. నలుపే. ఇంకో బొట్టు పెట్టింది. ఇంకాసేపు ఆగింది. తేటగా, శుభ్రంగా, ఏమీ లేదు.

"సగం టైమైపోయింది మేడం," అన్నాడు గడియారం.

ఆమె బొట్లు వేసే పిపెట్ పక్కన పెట్టి, నుదురు పట్టుకుంది. "లెక్కంతా సరిగ్గానే ఉంది. ప్రోటీన్ చచ్చిపోయి ఉంటుంది, లేదా మొదట్నించీ నాదే పొరపాటై ఉంటుంది. వాళ్ళన్నది నిజమేనేమో మావయ్యా. కణాల్లో నేను చూసింది ఉత్త చెత్తేనేమో."

బాబాయ్‌కి తెలుసు, చుక్కలు ఎందుకు రావడం లేదో. చెప్పకపోతే ఎవరికీ తెలియదనీ తెలుసు. ప్రోటీన్ చచ్చిపోయిందని ఆ పిల్లే అంటోంది, అవునేమో అంటే సరిపోతుంది. అద్దం బాబాయ్ అద్దం బాబాయ్‌లాగే ఇంటికి పోవచ్చు. అంతలో ఆమె, తన కళ్ళనే తాను నమ్మలేనట్టు, పాత వీడియో తెరిచి అనుమానంగా చూడడం మొదలుపెట్టింది. అది మాత్రం ఆయన భరించలేకపోయాడు.

"అమ్మాయ్. దాంట్లో ఉప్పు ఎక్కువుంది."

"లేదు మావయ్యా, లెక్క చూసే కలిపాను."

"నీ లెక్కలో లేని ఉప్పు. నేనేశా."

ఆమె మెల్లగా ఇటు తిరిగింది. "ఎంత?"

"కొలవలేదు. చాలా."

"ఎందుకు?"

"తేటగా ఉంటుందని. దారిలో పాడవకూడదని." ఆయన నీళ్ళు నమిలాడు. "ఎప్పుడూ వేస్తాను. అందరికీ."

చీకట్లో ఆమె మొహం కనిపించలేదు గానీ, గొంతులో మంట వినిపించింది. "మావయ్యా, దండం పెడతాను, ఇక మీదట నా మంచి కోసం మీరేమీ చెయ్యకండి!"

ఆ మాట అని మళ్ళీ బల్ల కేసి తిరిగిపోయింది. ఉప్పు లేని ఉత్త ద్రావణం తీసుకుని, కొంచెం ప్రోటీన్‌లో బొట్టు బొట్టుగా కలపసాగింది. ఒక బొట్టు. ఏమీ లేదు. ఇంకొకటి. ఏమీ లేదు. ఆ తర్వాతి బొట్టు పడగానే ట్యూబు అడుగు నుంచి తెల్లటి మబ్బు పొగలా లేచి పైదాకా కమ్ముకుంది.

"అయ్యో, పాడైపోయినట్టుందే మేడం," అన్నాడు గడియారం.

"పాడవలేదు!" అన్నారు మామా కోడళ్ళు ఒకేసారి.

ఈసారి తెర మీద నలుపులో తెల్లటి చుక్కలు. గుండ్రంగా, లెక్కలేనన్ని, తొందరేమీ లేకుండా తేలుతున్నాయి. బాబాయ్ కుర్చీ వదిలి ఆమె వెనకాలకి వచ్చి నిలబడ్డాడు. రెండు చుక్కలు ఒకదానికొకటి తగిలాయి. కాసేపు అలాగే ఆనుకుని ఉండి, ఉన్నట్టుండి ఒకటయ్యాయి. ఆమె పలక మార్చి, కణపు పొర లాంటి పలచటి కొవ్వు పొర ఉన్న గాజు పెట్టింది. కిందికి దిగిన చుక్క ఆ పొరకి తగలగానే గుండ్రదనం వదిలేసి మెల్లగా పరుచుకుంది. పక్క చుక్కా పరుచుకుంది. రెండిటి అంచులూ కలిశాయి. ఇంకా, ఇంకా కలిశాయి. తెర ఆ చివర నుంచి ఈ చివరదాకా ఎక్కడా తెగని పట్టీ మిగిలింది.

కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తనకే తెలియదు. బాబాయ్ పైచొక్కా అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు. ఇంత అందమైనదాన్ని ఇన్నేళ్ళూ కడిగి పారేశానా అనుకున్నాడు. టైమైపోయిందని గడియారం చెప్పలేదు, అతనూ తెర కేసే చూస్తున్నాడు.

మర్నాడు ల్యాబు నడిపే మేడం తన గదిలో ఆ బొమ్మలన్నీ ఒక్కొక్కటిగా చూసింది. ఆవిడ కూడా ఒకప్పుడు ఈ ల్యాబులోనే, పెద్ద సారు దగ్గర చదువుకున్న మనిషే. పొగడ్త ఆవిడ నోట అంత తేలిగ్గా రాదు. పట్టీ ఉన్న బొమ్మ దగ్గర మాత్రం చాలాసేపు ఆగి, "ఇక ముద్ద అని ఎవరూ అనలేరు," అంది. కోడలి మొహం విప్పారింది. పిలిస్తే వచ్చిన బాబాయ్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"అయితే మొదటి సగమంతా ఖాళీగా ఎందుకుంది?" అని అడిగింది మేడం.

కోడలు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "పలచన చెయ్యడంలో పొరపాటు పడ్డాను మేడం. నా తప్పే."

"ఇంత ముఖ్యమైన రోజున లెక్క చూసుకోవద్దూ?"

"సారీ మేడం."

బాబాయ్ కోడలి కేసి చూశాడు. ఆమె అటు చూడలేదు. నిన్న దండం పెట్టి మరీ కసిరిన పిల్ల, ఇవాళ ఆయన పరువు కోసం ఎంత చులాగ్గా మాట పడిందో! తను ఇన్నేళ్ళూ అందరికీ చేసిన మేలు ఎలాంటిదో అప్పుడర్థమైంది ఆయనకి. ఆ మేలు ఇప్పుడు తన మీదికి వస్తే ఊపిరాడలేదు.

"అమ్మాయి తప్పు లేదు మేడం," అన్నాడు లోపలికి వచ్చి. "లెక్క సరిగ్గానే చేసింది. ఆ ట్యూబులో ఎక్కువ ఉప్పు వేసింది నేను. మబ్బు పట్టకూడదని వేస్తాను. ఎవరికీ చెప్పను."

"మావయ్యా," అంది కోడలు మెల్లగా.

మేడం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఎప్పట్నించి?"

"పెద్ద సారు ఉన్నప్పట్నించీ అమ్మా."

 కిటికీ బయట ఎవరో సైకిలు స్టాండు వేస్తున్న చప్పుడు వినిపించింది.

"నేను చదువుకునేటప్పుడు," అంది ఆవిడ చివరికి, "నా ప్రోటీన్ కూడా ఇలాంటిదే. అది వేరే రకం. కణాల్లో చుక్కలు కనిపించేవి. ట్యూబులో ఎన్నిసార్లు చూసినా ఏమీ వచ్చేది కాదు, నీళ్ళలా ఉండేది. నువ్వు చూడాలనుకున్నది చూస్తున్నావమ్మా అన్నారు పెద్ద సారు. నేనూ నిజమేననుకున్నా. పని వదిలేసి వేరేది పట్టుకున్నా. ఇప్పటికీ మైక్రోస్కోపులో ఏం చూసినా, ముందు నా కళ్ళ మీదే నాకు అనుమానం."

 ఆ ట్యూబులు ఎవరు చేసిచ్చారో ఆ గదిలో ముగ్గురికీ తెలుసు. బాబాయ్ క్షమించమందామని నోరు తెరిచాడు గానీ, ఆ మాట అడగడానికి కూడా తనకి మొహం లేదనిపించింది. కోడలు లేచి, తను కూర్చున్న కుర్చీ ఆయన వైపు జరిపింది. ఆయన కూర్చోలేదు.

మేడం కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. అప్పుడు ఆవిడ ఆయన్ని, తను కొత్తగా చేరిన రోజుల్లో పిలిచినట్టే, ముందు అద్దం తగిలించకుండా పిలిచింది.

"బాబాయ్, ఉప్పు వెయ్యకుండా నాకూ ఒక్కసారి చేసిపెట్టండి."